బీరువా తాళం తీయండి

తరగతిలో పాఠం చెప్పేవాళ్లం, బడి లైబ్రరీ చూసుకునేవాళ్లం, పిల్లల్ని ఆ బడికే పంపే తల్లిదండ్రులం కలిసి చేస్తున్న ప్రకటన ఇది.

ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో రాసిన ‘మాలపల్లి’ నవలను మద్రాసు ప్రభుత్వం 1923లో నిషేధించింది. 1928లో కొన్ని మార్పులతో అచ్చు వేసుకోనిచ్చింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు దాన్ని పాఠ్యగ్రంథంగా పెట్టిందో లేదో, 1936లో ప్రభుత్వం మళ్లీ నిషేధించింది. ఊళ్లో ఎవరో చదువుకుంటే ఓర్చుకున్న దొరలు, తరగతిలో చదివిస్తారనేసరికి బెదిరిపోయారు. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక గానీ ఆ నిషేధం పోలేదు.

ఇప్పుడు నిషేధం అనరు, ‘పిల్లల మీద భారం తగ్గించాం’ అంటారు. కరోనా తర్వాత, కేంద్ర పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ అలాగే పదో తరగతి సైన్సులోంచి జీవపరిణామాన్ని, ఆవర్తన పట్టికను, పన్నెండో తరగతి చరిత్రలోంచి మొఘల్ దర్బారుల పాఠాన్ని తీసేసింది. పదితో సైన్సు వదిలేసే పిల్లకు డార్విన్ గురించి ఇంకెవరు చెబుతారు? ఎన్‌సీఈఆర్‌టీ రాజనీతిశాస్త్ర పుస్తకాలకు ముఖ్య సలహాదారులుగా పనిచేసిన సుహాస్ పళ్శీకర్, యోగేంద్ర యాదవ్ ఇలాంటి కోతలు నచ్చక వాటి మీంచి తమ పేర్లు తొలగించమని 2023లో లేఖ రాశారు.

పాఠాలు మార్చకూడదని మేం అనం. తప్పులుంటే దిద్దాలి, పాతబడ్డవి పోవాలి. అయితే తీసేసేవాళ్లు కారణం రాసి, కింద సంతకం పెట్టి, ముందుగా అందరికీ చెప్పాలి. తన బిడ్డకు ఫలానా పుస్తకం వద్దనే హక్కు ఏ తల్లికైనా ఉంది, తరగతి మొత్తానికీ వద్దనే హక్కు మాత్రం లేదు. ఏ వయసుకు ఏది తగునో పుస్తకం పూర్తిగా చదివిన టీచరు చెప్పాలి. ఫోనులో తిరిగే ఒక పేజీ ఫొటో చూసి ఏ పుస్తకాన్నీ మేం వెనక్కి తీసుకోం. కులం గురించి, ఆకలి గురించి, ఆడపిల్ల ఒంటి గురించి రాసినందుకు ఏ పుస్తకాన్నీ దాచం.

మా తప్పు కూడా ఒప్పుకోవాలి. హెడ్మాస్టరు గదిలో బీరువా నిండా కథల పుస్తకాలుంటాయి. ఒక్కటి పోయినా స్టాక్ రిజిస్టర్‌లో లెక్క తప్పుతుందనే భయంతో తాళం వేసి ఉంచుతాం. ఏ ప్రభుత్వమూ ఉత్తర్వు ఇవ్వకుండానే మేమే వాటిని పిల్లలకు అందకుండా చేశాం. ఆ భయం పోవాలంటే, చిరిగిన, పోయిన పుస్తకానికి టీచరు జీతంలో కోత ఉండకూడదు. ఇదే మా మొదటి డిమాండ్.

ఈ జూన్‌లో బడి తెరిచే రోజు మీ పిల్లలతోపాటు మీరూ రండి. బీరువా తాళంచెవి ఎక్కడుందో అడగండి.