ఆ రోజు కాదన్నారు, రేపూ కాదనండి

ఇంటర్నెట్ చిరునామాల వ్యవస్థను చూసే ఐక్యాన్ సంస్థ పాలక మండలి సభ్యులకు,

2022 ఫిబ్రవరి ఆఖరి రోజుల్లో మా ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదు. మా అక్క కొడుకు రష్యా బాంబులేస్తున్న ఉక్రెయిన్ నగరం ఖార్కివ్‌లో మెడిసిన్ చదువుతుండేవాడు. మెట్రో స్టేషన్‌లో తలదాచుకుని, ఛార్జింగ్ అయిపోతుందని రెండు గంటలకోసారి వాట్సాప్‌లో ‘ఉన్నా’ అని మాత్రం పెట్టేవాడు. అక్క ఫోన్ కింద పెట్టేది కాదు.

సరిగ్గా అప్పుడే ఉక్రెయిన్ ప్రభుత్వం మీకు ఉత్తరం రాసింది. .ఆర్‌యు వంటి రష్యా డొమైన్లను రద్దు చేయమంది, మాస్కో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లలోని, చిరునామాలు వెతికిపెట్టే రూట్ సర్వర్లను ఆపేయమంది. మార్చి 2న మీ అప్పటి సీఈఓ యోరాన్ మార్బీ కుదరదన్నారు. ఇంటర్నెట్ నడిచేలా చూడటమే మా పని, ఆపడం కాదని ఆయన జవాబు సారాంశం. నాకు ఒళ్లు మండిపోయింది. బాంబులేసేవాళ్లకు నెట్ ఒకటా అనుకున్నాను.

పిల్లవాడు ఇల్లు చేరాక ఒక సంగతి చెప్పాడు. వాళ్ల హాస్టల్‌లో పనిచేసే ఆవిడ చెల్లెలు సరిహద్దుకు అవతల, రష్యాలోనే ఉంటుందట. ‘బతికే ఉన్నాం’ అని చెల్లెలికి ఆవిడ రోజూ రాసింది ఒక .ఆర్‌యు మెయిల్‌కే. మార్బీ మాట ఎందుకు సరైందో నాకు అప్పటికి గానీ తెలిసిరాలేదు.

మీ చేతిలోని రూట్ జోన్ ఫైలు ఫోన్లో తీసిన ఒక ఫొటో అంత ఉంటుందేమో. ప్రతి డొమైన్ చివరి ముక్కా అందులో ఉంటుంది, తెలుగు అక్షరాల ‘.భారత్’ కూడా. అందులోంచి ఒక దేశం పేరును తీసేస్తే సుమారు రెండు రోజుల్లో ఆ పేరుతో ముగిసే చిరునామాలు దొరక్కుండా పోతాయి. ఆ ఫైలులో మార్పులకు అమెరికా వాణిజ్య శాఖ ఆమోదం అవసరమనే ఏర్పాటు 2016 సెప్టెంబరు 30తో ముగిసింది. కానీ మీరు ఇప్పటికీ కాలిఫోర్నియాలో నమోదైన సంస్థే, అమెరికా ఆంక్షల చట్టాలు మీకు వర్తిస్తాయి. వాషింగ్టన్‌కు కోపమొచ్చిన దేశం పేరు రేపు తీసేయమంటే ఏం చేస్తారు? ఆ రోజుకు ఉండే సీఈఓ గట్టివాడా కాదా అన్నదాని మీదే అంతా ఆధారపడాలా?

అలాగని ప్రభుత్వాల కూటమికి అప్పజెప్పమనడం లేదు. 2011లో ఇంటర్నెట్ వ్యవహారాలకు ఐక్యరాజ్య సమితిలో 50 దేశాల కమిటీ పెట్టమని అడిగింది మన దేశమే. ఒక్క దేశం పెత్తనమేమిటన్న కడుపుమంట నాకూ ఉంది. కానీ 2019 ఆగస్టు నుంచి కశ్మీర్‌లో నెలల తరబడి నెట్ ఆపించిందీ మన ప్రభుత్వమే. సొంత జనానికే తీగ కోసేవాళ్లు ప్రపంచం తీగను కాపాడతారంటే నేను నమ్మలేను.

యుద్ధం పేరుతో, ఆంక్షల పేరుతో, ఏ ప్రభుత్వం ఆదేశించినా సరే, ఏ దేశం పేరునూ ఆ ఫైలులోంచి తీసేయబోమని మీ నియమావళిలో రాయండి. అమెరికా ఆర్థిక శాఖ నుంచి ఆంక్షల విషయంలో శాశ్వత మినహాయింపు అడిగి తెచ్చుకోండి. మళ్లీ యుద్ధం వచ్చి, మళ్లీ ఇలాంటి ఉత్తరం మీ బల్ల మీదికి రాకముందే ఈ రెండు పనులూ పూర్తి చేయండి.

ఇట్లు,
ఖార్కివ్‌లో చదివిన ఒక కుర్రాడి మేనమామ