ఇంటి పిల్లి చిక్కిపోతే

తెనాలి రామలింగని పిల్లి కథ తెలియని ఇల్లు మనలో ఉండదు. విజయనగరంలో ఎలుకలు ఎక్కువైనవని రాయలవారు ఇంటికొక పిల్లిని, దాని పాలకై ఒక ఆవును ఇప్పించారట. రామలింగడు మొదటి దినమే పొగలు కక్కే పాలు పెట్టగా పిల్లి మూతి కాలి, ఆపైన పాలగిన్నె కనబడితే చాలు పారిపోయేదట. రాయలవారు పరీక్షించే దినాన అందరి పిల్లులూ బొద్దుగా ఉంటే ఆయనది మాత్రం ఎముకల గూడుగా నిలిచింది. కన్నడంలోను తమిళంలోను కూడా ఈ కథ చెప్పుకుంటారు. హంపీ చుట్టుపట్ల ఉన్న మన కుటుంబాలకయితే అది పెరటి కథే. పిల్లలకు చెప్పడానికి ఎంతో బాగుంటుంది. కాని పాలు తాగితే పిల్లి బలుస్తుంది, తాగకపోతే చిక్కుతుంది అన్న నమ్మకం మనలో పాతుకోవడానికి ఈ కథ కూడా కొంత కారణమని మాకు తోస్తుంది. నిజం దాదాపు తలక్రిందులు.

తల్లిపాలు మానిన కొద్ది కాలానికే చాలా పిల్లులకు పాలలోని చక్కెరను అరిగించుకొనే శక్తి తగ్గిపోతుంది. అటువంటి పిల్లికి గిన్నెడు పాలు పోస్తే ఇష్టంగానే తాగుతుంది. తరువాత విరేచనాలు పట్టుకుంటాయి. ఉన్న బలం కూడా పోతుంది. అది చూసి ఇంటి వారు “పాపం, నీరసించింది” అని మరి కాసిని పాలు పోస్తారు. పెరుగులో ఆ చక్కెర కొంత తక్కువ కనుక ఒక చెంచాడు పెడితే నష్టం లేదు గాని, పూటపూటా పెరుగన్నమే ఆహారమయితే మాత్రం కష్టం.

“మా పిల్లి బక్కచిక్కిపోతున్నది, ఏమి పెట్టమంటారు?” అని మాకు ఉత్తరాలు వస్తూ ఉంటాయి. ఏమి పెట్టాలన్నది రెండవ ప్రశ్న. ఎందుకు చిక్కిందన్నది మొదటిది. దానిని దాటవేసి తిండి కుక్కితే ఫలితం లేదు.

నిజంగా చిక్కిందా లేదా అన్నది కంటితో తేల్చుకోకూడదు, బొచ్చు మోసం చేస్తుంది. మీ ఎడమ చేతిని బల్ల మీద చాపి, దాని వెనుక భాగాన్ని కుడిచేతి వేళ్ళతో తడిమి చూడండి. పిల్లి పక్కటెముకలు అంత మాత్రంగా తగిలితే సరిగా ఉన్నట్టు. పిడికిలి బిగించినప్పుడు కణుపులు తగిలినట్టు తగిలితే చిక్కినట్టు. నడుము మీద వెన్నుపూసలు ఒక్కొక్కటే లెక్కకు వస్తుంటే బాగా చిక్కినట్టు. ఆ తరువాత తూకం. మీరు పిల్లిని ఎత్తుకొని త్రాసు ఎక్కండి, మళ్ళీ ఒక్కరే ఎక్కండి. తేడాయే పిల్లి బరువు. బుట్టలో కూర్చోబెట్టి తూచగల చిన్న త్రాసు ఉంటే ఇంకా నయం, గ్రాముల తేడా తెలుస్తుంది. మన నాటు పిల్లులు పెద్దవి సాధారణంగా 3 నుంచి 5 కిలోల మధ్య ఉంటాయి. 4 కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గిందంటే విని నవ్వేవారున్నారు. అరవై కిలోల మనిషి 6 కిలోలు తగ్గినట్టని చెబితే నవ్వు ఆగుతుంది.

తినక చిక్కడం వేరు, తింటూ చిక్కడం వేరు. గిన్నె దగ్గరకు ఆశగా వచ్చి, ఒక ముద్ద కరచి, తల విదిలించి వెనక్కు పోతే నోటిలో బాధ ఉన్నదన్నమాట. పన్ను పుచ్చి ఉండవచ్చు, చిగుళ్ళు వాచి ఉండవచ్చు. ముక్కు దిబ్బడ వేస్తే వాసన తెలియదు. వాసన తెలియని ఆహారాన్ని పిల్లి ముట్టదు. ఇక తింటూనే చిక్కుతుంటే చిన్న పిల్లిలో మొదట అనుమానించవలసినది కడుపులో పురుగులను. ఏలికపాములు తల్లిపాల ద్వారానే కూనలకు వస్తాయి. బొచ్చులో గెంతే చిన్న పురుగులను నాకి మింగడం వల్ల బద్దెపురుగులు చేరతాయి. పదేళ్ళు దాటిన పిల్లి ఆవురావురుమని తింటూ చిక్కిపోతుంటే మెడలోని థైరాయిడ్ గ్రంథి మితిమీరి పనిచేస్తున్నదేమో చూపించాలి. నీళ్ళు అతిగా తాగుతుంటే మధుమేహమో మూత్రపిండాల జబ్బో అయి ఉండవచ్చు. వీటిని నెత్తురు పరీక్షతో తేల్చవచ్చు. ఇంటి వైద్యంతో తేలవు.

రోగమేమీ లేదని తేలితే అప్పుడు ఆహారం సంగతి. కుక్క మనతో పాటు అన్నం తిని కొంత వరకు నెట్టుకు రాగలదు. పిల్లి అట్లా కాదు, అది పుట్టుకతో మాంసాహారి. టారిన్ అనే పదార్థాన్ని తన ఒంట్లో చాలినంత తయారుచేసుకోలేదు. అది మాంసంలోను చేపలోనే దొరుకుతుంది, అన్నంలోను పప్పులోను లేదు. టారిన్ లేక పిల్లుల కంటిచూపు దెబ్బతింటుందని అమెరికా శాస్త్రజ్ఞులు 1975లో తేల్చారు. గుండె కండరం కూడా బలహీనపడుతుందని 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు వెల్లడించారు. వేళకు టారిన్ ఇస్తే గుండె చాలా వరకు కోలుకుంటుంది గాని, పోయిన చూపు తిరిగి రాదు. కారట్టు నుంచి మనం ‘ఎ’ విటమిను తయారుచేసుకుంటాము. పిల్లికి ఆ శక్తీ లేదు. ఇంకొక వింత: పిల్లికి తీపి రుచే తెలియదు. ఆ రుచిని పట్టే జన్యువు దానిలో చెడిపోయి ఉన్నదని 2005లో కనుగొన్నారు. పాయసం గిన్నె నాకే పిల్లి చక్కెర కోసం కాదు, పాల మీది వెన్న కోసం నాకుతున్నదనుకోవాలి.

ఇక్కడ మన ఇళ్ళలో ఒక చిక్కు వస్తుంది. శాకాహారుల ఇంట పిల్లికి మాంసం ఎట్లా పెట్టడం? ఎవరి ఆచారం వారిది, దానిని మేము ప్రశ్నించము. కాని మన నియమం పిల్లికి పట్టదు. అది వంటింట్లో పెరుగన్నం తిని, పొరుగింటి గోడ మీద ఎలుకను పట్టి లోటు పూడ్చుకుంటూ వచ్చింది. ఇప్పుడు మేడ మీది వాటాలలో తలుపులు మూసి పెంచే పిల్లికి ఆ ఎలుక కూడా లేదు. వంటింటితో పని లేకుండా, పిల్లుల కోసమే పొట్లాలలోను డబ్బాలలోను అమ్మే ఆహారం తెచ్చి, వేరే గిన్నెలో బయటి వరండాలో పెట్టవచ్చు. పొట్లం మీద ‘సంపూర్ణాహారం’ అన్న అర్థం వచ్చే మాట ఉన్నదా అని చూసి కొనండి. కుక్కల ఆహారం దీనికి పనికిరాదు. చిక్కిన పిల్లికి కూనల ఆహారం మరీ మంచిది, అందులో బలం ఎక్కువ.

మాంసం వండే ఇళ్ళవారు కోడిమాంసం ఉప్పూ కారమూ లేకుండా ఉడికించి, ఎముకలు తీసి, పీచుగా చీల్చి పెట్టవచ్చు. చేపయితే ముళ్ళు తీసి పెట్టాలి. ఉడికిన గుడ్డు మంచిదే. కార్జం వారానికి ఒకటి రెండు చిన్న ముక్కలకు మించకూడదు. రోజూ పెడితే ‘ఎ’ విటమిను మితిమీరుతుంది. ఎముక లేని మాంసంలో సున్నం తక్కువ గనుక నెలల తరబడి దానితోనే గడపకుండా, పొట్లపు ఆహారానికి తోడుగా వాడడం మేలు.

రెండున్నర కిలోల పిల్లికి కదలకుండా పడుకున్నా రోజుకు 140 కాలరీల దాకా కావాలి. రెండు కోడిగుడ్లలో ఉన్నంత బలమన్న మాట. కోలుకోవాలంటే ఇంకా కావాలి. ఒకేసారి కాక నాలుగైదు సార్లుగా, ఒంటి వేడి ఉండేట్టు కొద్దిగా వెచ్చజేసి పెట్టండి, వాసన పైకి వస్తుంది. మీసాలు తగలని వెడల్పు పళ్ళెం, కుక్కకూ కాకికీ అందని మూల, నీళ్ళు కాస్త దూరంగా. నెయ్యి, నూనె పోసి బలిపించాలని చూడకండి, అజీర్తి చేస్తుంది. ఎన్నో రోజులు పస్తులున్న పిల్లిని చేరదీసినప్పుడు మాత్రం జాలితో కడుపునిండా పెట్టడం ప్రమాదం. ఎండిన శరీరానికి ఒక్కసారిగా ఆహారం తగిలితే నెత్తురులోని లవణాలు తారుమారై ప్రాణం మీదికి వస్తుంది. మొదటి దినం దాని అవసరంలో మూడోవంతుకు మించకుండా మొదలుపెట్టి, నాలుగైదు రోజుల మీద పెంచాలి, అదీ వైద్యుని సలహా మీద.

మేమెరిగిన ఒక ఇంటిలో చారల పిల్లి 2 కిలోల 100 గ్రాములకు దిగిపోయింది. దిష్టి తగిలిందని ఎండుమిరపకాయలు కూడా తిప్పివేశారు. ఆస్పత్రిలో చూస్తే కడుపులో పురుగులు, నోటిలో పుచ్చిన పన్ను. మందు వేసి, పన్ను తీయించి, పాలు మాన్పించి, వారానికొకసారి తూచి క్యాలెండరు మీద రాశారు. వారానికి 40, 50 గ్రాములే పెరిగేది. “ఇంతేనా!” అని ఇంటి పెద్దావిడ విసుక్కున్నారు గాని, ఆ నడకే సరయినది. నాలుగు నెలలకు 2 కిలోల 800 గ్రాములయింది. మిరపకాయల వల్లనే అని ఆమె ఇప్పటికీ అంటారు.

ఉల్లి, వెల్లుల్లి పడిన కూర ముక్కలు పిల్లికి పెట్టకండి, నెత్తురు విరిగిపోతుంది. జ్వరమని పారాసిటమాల్ వేయకండి, ఒక్క మాత్ర పిల్లిని చంపగలదు. కుక్కల ఒంటికి రాసే పురుగుమందు కూడా అంతే. ఒక దినమంతా ఏమీ తినకపోతే రేపు చూద్దామని ఊరుకోకండి. తిండి మానిన పిల్లికి కాలేయంలో కొవ్వు పేరుకొని జబ్బు ముదురుతుంది.

ఈనిన పిల్లి చిక్కడం సహజం. కూనలు పాలు తాగినన్నాళ్ళు దానికి తిన్నంత పెట్టండి. తల్లి లేని కూనకు ఆవుపాలు చాలవు, పిల్లిపాలలో మాంసకృత్తులూ కొవ్వూ ఎక్కువ. కూనల కోసం అమ్మే పాలపొడి తేవాలి. పసిబిడ్డను పట్టుకున్నట్టు వెల్లకిల వేసి పట్టకండి, పాలు ఊపిరితిత్తులలోకి పోతాయి. బోర్లా ఉంచే పట్టాలి. పుట్టినప్పుడు 100 గ్రాములుండే కూన రోజుకు సుమారు 10 గ్రాముల చొప్పున పెరగాలి. ఒక దినం పెరగకపోతే మరునాడే చూపించండి.

చెన్నైలో వేపేరి, బెంగుళూరులో హెబ్బాళ, ముంబయిలో పరేలు, ఇంకా భువనేశ్వరం - ఈ చోట్ల పశువైద్య కళాశాలలు ఉన్నవి, వాటికి ఆస్పత్రులూ ఉన్నవి. తక్కిన ఊళ్ళవారు ప్రభుత్వ పశువుల ఆస్పత్రికే పోవచ్చు. అక్కడ గేదెలనే చూస్తారని వెనుదీయనవసరం లేదు. పిల్లిని గోనెసంచిలో కట్టి తీసుకుపోకండి, బెదరి గోళ్ళు వేస్తుంది. మూత ఉన్న వెదురుబుట్టలోనో, చిల్లులు పొడిచిన అట్టపెట్టెలోనో దాని పాత గుడ్డ పరచి కూర్చోబెట్టండి. ఆ ఉదయం వేసిన మలం కొంచెం ఒక చిన్న డబ్బాలో వెంట తీసుకుపొండి. పురుగుల సంగతి వైద్యుడు దానిని చూసే చెబుతాడు.