చెంబు ఎంత ఎత్తున ఉందో గీయండి



మన విద్యార్థులు కొందరు తమ చిన్ననాటి జ్ఞాపకాలను బొమ్మలుగా వేస్తున్నారు. చాలా సంతోషం. చూసినవాళ్ళు "ఎంత తియ్యటి బాల్యమో" అంటున్నారు. నా పేచీ ఆ 'తియ్యటి' దగ్గరే.

'మా ఊరు' బొమ్మ వేయమంటే మన పిల్లలు కూడా రెండు కొండలు, మధ్యన సూర్యుడు, గుడి గోపురం, పెంకుటిల్లు వేస్తారు. వాడ ఉండదు. తప్పు వాళ్ళది కాదు. బాల్యం బొమ్మ ఎలా ఉండాలో తెలుగువాళ్ళకి నేర్పింది 1947లో మొదలైన 'చందమామ', ముళ్ళపూడి రాసి బాపు గీసిన 'బుడుగు'. ఆ చేతుల గొప్పతనాన్ని నేను కాదనను. కానీ బుడుగు ఉండే వీధి మన వీధి కాదు.

మన బాల్యం అక్షరాల్లోకి వచ్చింది. ఎండ్లూరి సుధాకర్ 'మల్లెమొగ్గల గొడుగు', నాగప్పగారి సుందర్రాజు 'మాదిగోడు' గురించి చెబుతుంటే వెనక బెంచీల్లో తలలు లేస్తాయి. బొమ్మల్లోకి మాత్రం అంతగా రాలేదు. రావాలి. "దాహమంటే నీళ్ళు పోశారు" అని రాసి దాటేయొచ్చు. గీసేటప్పుడు కుదరదు. చెంబు ఎంత ఎత్తున ఉంది? దోసిలి ఎంత కింద ఉంది? పోసినామె గుమ్మం లోపలుందా, బయటుందా? పెన్సిల్ పట్టినవాళ్ళు ఇవన్నీ తేల్చాల్సిందే. అంటరానితనం అంటేనే దూరాల లెక్క. ఆ లెక్క బొమ్మలో దాగదు.

2011లో నవయాన ప్రచురించిన 'భీమాయన' చూడండి. బడిలో ప్యూను కుళాయి తిప్పితేనే దాహం తీరడం, 1901లో తండ్రిని చూడబోతూ మసూర్ స్టేషన్లో దిగిన పిల్లల్ని ఎక్కించుకోవడానికి బండివాళ్ళు ఒప్పుకోకపోవడం - అంబేద్కర్ స్వయంగా రాసుకున్న ఈ బాల్యాన్ని పర్ధాన్ గోండు దంపతులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ గీశారు. మామూలు కామిక్స్‌లా పాత్రల్ని డబ్బాల్లో బంధించడానికి వాళ్ళు ఒప్పుకోలేదు. తమ ఇళ్ళ గోడల మీది డిగ్నా ముగ్గులనే పేజీకి హద్దులు చేశారు. మంచి మాటలకి పిట్ట ఆకారం ఇచ్చారు. విషపు మాటలకి తేలు కొండి పెట్టారు. అరువు గీతతో ఈ పని అయ్యేది కాదు.

మరి మన గీత ఎక్కడుంది? అమ్మ ఎర్రమట్టి అలికిన గోడ మీద ఉంది. తాత ఆరెతో తోలు మీద పెట్టిన గుర్తులో ఉంది. అక్కడ వెతకండి.

ఇంకొక మాట. గాయం ఒక్కటే గీయకండి. అప్పుడు మన బాల్యం కూడా వాళ్ళు మనకి చేసినదాని చుట్టూనే తిరుగుతుంది. డప్పు కాగబెట్టే మంట చుట్టూ చేరిన పిల్లల్ని గీయండి. దండెం మీద ఎండే తునకల్ని, వాటికి కాపలా పెడితే కాకుల్ని అదిలిస్తూనే ఒక తునక నిప్పుల మీద కాల్చుకుతిన్న బుడ్డోణ్ణి గీయండి. ఆ తునకల్ని బొమ్మలోంచి దాచేసిన రోజున మనల్ని మనమే ఊరి బయట పెట్టుకున్నట్టు.

ఈ ఆదివారం అమ్మనో నాయనమ్మనో పక్కన కూర్చోబెట్టుకోండి. బావి ఎటు, వాడ ఎటు, చెప్పులు విప్పి చేతపట్టుకున్నది ఎక్కడ - అడుగుతూ గీయండి. "అక్కడ కాదురా, ఇంకా ఇవతల" అంటుంది. చెరిపి, ఆమె వేలు పెట్టి చూపించిన చోట మళ్ళీ గీయండి.

జై భీమ్.