హాస్యగీతానికి పంక్తిలో చోటు లేదా?



సినిమా పాటలో సాహిత్యం వెదికే విమర్శకులు విరహానికీ, వేదాంతానికీ పీటలు వేస్తారు. హాస్యగీతం గుమ్మంలోకి రాగానే "సరదా పాట" అని వీధి అరుగు చూపుతారు. కొసరాజు రాఘవయ్యగారికి తరచు జరిగే మర్యాద ఇదే. 'రోజులు మారాయి' (1955)లోని ఏరువాక పాటను జానపదమని తలకెత్తుకొనేవారే, 'కులగోత్రాలు' (1962)లోని జూదరుల పాటను కాలక్షేపమని తోసివేస్తారు.

ఆ పాటలో ఉన్నదేమి? సర్వమూ ఊడ్చుకుపోయినవాడు లబోదిబోమంటుంటే, ఓదార్పుగా నలమహారాజు ప్రసక్తి వస్తుంది. ఇల్లు కుదువపెట్టి మళ్ళీ ఆడవచ్చునన్న సలహా వస్తుంది. నన్నయగారు అరణ్యపర్వంలో విస్తరించి చెప్పిన నలుని కథ ఇక్కడ ఓడినవాడికి సాకు అయింది. వ్యసనపరుని తర్కాన్ని ఇంతకన్న నిశితంగా పట్టిన గంభీరగీతం ఏదో చూపండి!

భరతుడు నవ్వును ఆరు విధాలుగా విభజించి, స్మితాన్ని ఉత్తమునికీ, అతిహసితాన్ని అధమునికీ ఇచ్చిన మాట నిజమే. అయితే అది నవ్వే పాత్రకు వేసిన తరగతి. నవ్వించే కవికి కాదు. హాస్యాన్ని ఆయన ఎనిమిది రసాల పంక్తిలోనే కూర్చోబెట్టాడు.

సంక్రాంతి వస్తే మా కృష్ణా డెల్టాలో కోడిపందాల బరుల పక్కనే పేకముక్కలూ పరుచుకుంటాయి. ఇల్లాళ్ళ మెడలు బోసిపోయేచోట ఈ పాట కాలక్షేపమా? శతకపద్యంలోని నీతికి మార్కులు వేసే మనం, ఇదే నీతిని నవ్వుతూ చెప్పినవానికి సున్నా చుట్టడం ఏ అలంకారశాస్త్రం?

కొసరాజుగారి హాస్యగీతాలను ఎదుట పెట్టుకొని, వాటి నుడికారమూ, సంభాషణా, లయా పరిశీలించి వ్రాయండి. నచ్చకపోతే ఖండించండి. చదవకుండా మాత్రం తీసిపారవేయకండి.