ఫుట్‌బాల్‌లో రిజర్వేషన్ ఉందా అని అడిగేవాళ్లకు: జంషెడ్‌పూర్ డ్రాఫ్ట్ లెక్క మళ్లీ వేద్దాం



కాలేజీకి వెళ్లిన మన పిల్లల్లో ఈ ప్రశ్న వినని వాళ్లు ఉండరు. "క్రికెట్‌లో రిజర్వేషన్ ఉందా? ఫుట్‌బాల్‌లో ఉందా? అక్కడ టాలెంట్ ఉన్నోడే ఆడతాడు, మీకేమో ఊరికే సీటు కావాలి." ఈ మధ్య దీనికి ఇంకో తోక తగిలించారు. "మిజోరం వాళ్లు కూడా ఎస్టీలే కదా, ఐఎస్‌ఎల్‌లో ఎవరి దయా లేకుండా సెలెక్ట్ అవుతున్నారు కదా" అని. బాధేంటంటే మనవాళ్లే కొందరు దీనికి తల ఊపుతున్నారు. అందుకే ఈ పోస్టు. పొడుగే, ఓపిక చేసుకొని చదవండి.

వాళ్లు ఫుట్‌బాల్ అన్నారు కాబట్టి ఫుట్‌బాల్ మీదే మాట్లాడదాం. మాకు తెలిసిన జట్టు జంషెడ్‌పూర్. హైదరాబాద్‌కు ఐఎస్‌ఎల్ జట్టు వచ్చింది 2019లో. అంతకుముందు మాలాంటి హాస్టల్ పిల్లలకు సొంత జట్టంటూ లేదు. 2017లో టాటా స్టీల్ కొత్త జట్టు పెడుతోంది, జార్ఖండ్‌లో, హో, సంతాల్, ముండా, భూమిజ్ జనం మధ్యలో అని తెలియగానే ఇది మనదే అనుకున్నాం. బిర్సా పుట్టినరోజున పుట్టిన రాష్ట్రం. ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టింది 1919లో. అంతకుముందు అది సాక్చి, కాలిమాటి. పేర్లు ఎలా మారతాయో మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

2017 జూలై 23న ముంబైలో ఆ సీజన్ డ్రాఫ్ట్ జరిగింది. తెలియని వాళ్ల కోసం ఒక ముక్క. డ్రాఫ్ట్ అంటే వేలం కాదు. ఆటగాడి రేటు ముందే రాసి ఉంటుంది. జట్లు వరస ప్రకారం వచ్చి ఒక్కో పేరు ఎత్తుకుంటాయి. పాత జట్లు తమ సీనియర్లలో ఇద్దరిని అట్టిపెట్టుకోవచ్చు. జంషెడ్‌పూర్‌కు అట్టిపెట్టుకోవడానికి ఎవరూ లేరు. కాబట్టి ముందు వాళ్లనే ఎంచుకోమన్నారు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. వెనక నుంచి మొదలుపెట్టే వాడికి ముందు అవకాశం ఇవ్వడం! దీన్ని ఏమంటారు? మన దగ్గరికి వచ్చేసరికి దీన్ని ఏమంటున్నారు?

డ్రాఫ్ట్ అనేదే అలా పుట్టింది. అమెరికాలో వాళ్ల రకం ఫుట్‌బాల్ ఆడే ఎన్ఎఫ్ఎల్ 1936లో మొదటి డ్రాఫ్ట్ పెట్టింది. డబ్బున్న జట్లే ఏటా మంచి కుర్రాళ్లను ఎగరేసుకుపోతుంటే లీగే చచ్చిపోతుందని, అట్టడుగున ఉన్న జట్టుకు మొదటి ఎంపిక ఇచ్చారు. పెట్టుబడిదారులు తమ మధ్య తాము పెట్టుకున్న రూల్ ఇది. అప్పుడు మెరిట్ చచ్చిపోయిందని ఎవరూ ఏడవలేదు. (ఆ మొదటి డ్రాఫ్ట్‌లో మొదటి పేరు జే బర్వాంగర్. అతను ఎన్ఎఫ్ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. మొదటి ర్యాంకు మీద అంత నమ్మకం పెట్టుకునే వాళ్లకు ఈ సంగతి చెప్పండి.)

ఇంకా ఉంది. అదే 2017లో ఐఎస్‌ఎల్ రూల్ మార్చింది. మైదానంలో ఉండే 11 మందిలో కనీసం ఆరుగురు భారతీయులు ఉండాలి. అంతకుముందు ఐదుగురు. 2021 నుంచి ఏడుగురు చేశారు. బ్రెజిల్ వాడు, స్పెయిన్ వాడు మనవాడి కంటే బాగా ఆడినా సరే, ఏడు చోట్లు మనవాళ్లకే. కోటా కాకపోతే ఇదేంటి? 21 ఏళ్ల లోపు కుర్రాళ్లు జట్టులో ఉండి తీరాలని కూడా పెట్టారు. అంటే ఫుట్‌బాల్‌లో రిజర్వేషన్ లేదు అన్న మాట మొదటి అడుగులోనే తప్పు. రిజర్వేషన్ ఉంది. దేశం పేరు మీద ఉంది, వయసు పేరు మీద ఉంది, కొత్త జట్టు అనే పేరు మీద ఉంది. మన పేరు చెప్పినప్పుడే అది దానం అయిపోతుంది.

సరే, జంషెడ్‌పూర్ ఏం చేసింది? మొదటి పేరు డిఫెండర్ అనస్ ఎడతోడిక, కోటీ 10 లక్షలు. ఆ డ్రాఫ్ట్‌లో అంతకంటే పెద్ద రేటు లేదు. అదే రేటు ఇంకొక్కరికే ఉంది, మేఘాలయకు చెందిన యూజీన్‌సన్ లింగ్డో. అతన్ని కోల్‌కతా తీసుకుంది. జంషెడ్‌పూర్ రెండో పేరు గోల్‌కీపర్ సుబ్రతా పాల్, 87 లక్షలు. కోచ్ స్టీవ్ కాపెల్. అంతకుముందు ఏడాది కేరళ జట్టును ఫైనల్ దాకా తీసుకెళ్లిన మనిషి. ఆయన పద్ధతి ఒకటే, ముందు గోడ కట్టు, గోల్ సంగతి తర్వాత.

సీజన్ అయ్యాక అభిమానుల్లో రెండు తీర్పులు వచ్చాయి. ఒక వర్గం డ్రాఫ్ట్ పాడైపోయింది అంది. 18 మ్యాచ్‌ల్లో 16 గోల్స్, ఐదో స్థానం, సెమీఫైనల్ లేదు, మొదటి పిక్ గాయంతో చాలా మ్యాచ్‌లు బయటే. ఇంకో వర్గం డ్రాఫ్ట్ బ్రహ్మాండం అంది. మొదటి ఏడాదే 26 పాయింట్లు, సుబ్రతాకు గోల్డెన్ గ్లవ్, కోల్‌కతా కంటే పైన. లింగ్డో కూడా మోకాలి గాయంతో తొందరగానే కూలబడ్డాడు, కోల్‌కతా తొమ్మిదో స్థానంలో తేలింది కాబట్టి ఈ రెండో వర్గానికి గొంతు పెరిగింది.

మా లెక్కలో రెండు తీర్పులూ తప్పే. రెండూ ఒకే పట్టికను చూసి మార్కులు వేశాయి. డ్రాఫ్ట్‌కు మార్కులు వేయాలంటే ఎవరిని తీసుకున్నారో చూస్తే చాలదు, ఎవరిని వదిలేశారో చూడాలి. అదీ ఆ ఏడాది కాదు, ఐదారేళ్లు ఆగి చూడాలి.

ఆ రోజు అదే జాబితాలో లాలియన్‌జువాలా ఛాంగ్తే ఉన్నాడు. మిజోరం, లుంగ్లే. వయసు 20. ఢిల్లీ అతన్ని తీసుకుంది. ఆ సీజన్ ఢిల్లీ ఎనిమిదో స్థానం, జంషెడ్‌పూర్ కంటే మూడు మెట్లు కింద. పట్టిక ప్రకారం చూస్తే ఛాంగ్తే చెత్త ఎంపిక, అనస్ మంచి ఎంపిక. ఇప్పుడు చూడండి. అనస్ ఒక్క సీజన్ తర్వాత కేరళకు వెళ్లిపోయాడు. ఛాంగ్తే ఢిల్లీ నుంచి చెన్నై, అక్కడి నుంచి ముంబై చేరి 2022-23లో లీగ్‌లోనే ఉత్తమ ఆటగాడయ్యాడు, గోల్డెన్ బాల్ తీసుకున్నాడు. జాతీయ ఫెడరేషన్ వరసగా రెండేళ్లు అతన్నే ఉత్తమ ఆటగాడు అంది. మొదటి ఎంపిక చేతిలో పెట్టుకుని, గోల్ కొట్టేవాడు లేక సీజన్ అంతా అల్లాడిన జట్టు వదిలేసిన వింగర్ అతను.

అనస్ మీద మాకు ఏ కోపమూ లేదు. ఆటో నడిపి బతికి, ఆ స్థాయికి ఎదిగినవాడు, మనలాంటి ఇంటి మనిషే. సుబ్రతా కూడా జంషెడ్‌పూర్‌లోని టాటా ఫుట్‌బాల్ అకాడమీలోనే తయారైనవాడు, తన రేటుకు న్యాయం చేశాడు. మా గొడవ ఎంచుకునే కంటితో. పేరున్నవాడు, జాతీయ జట్టులో ఉన్నవాడు, టీవీలో కనపడ్డవాడు ముందు కనిపిస్తాడు. రేపు ఏమవుతాడో అని చూడాల్సినవాడు వెనక్కు పోతాడు. "మెరిట్" అని మనకు చూపించే జాబితాల్లో చాలావాటి పని ఇదే. అప్పటికే కనపడ్డవాడికి ఇంకోసారి మార్కులు వేస్తాయి.

ఛాంగ్తేను వదిలేశారు, అది ఎంపికలో పొరపాటు అనుకుందాం. చేతిలో ఉన్నవాడి సంగతి? ఆ సీజన్లోనే జంషెడ్‌పూర్ చొక్కాతో ఇంకో మిజో కుర్రాడు ఆడాడు, జెర్రీ మావ్మింగ్థంగా. 2018 జనవరి 17న సొంత మైదానంలో కేరళ మీద ఆట మొదలై అరనిమిషం కాకముందే గోల్ కొట్టాడు. అప్పటికి లీగ్ చరిత్రలోనే అది అన్నింటికంటే వేగమైన గోల్. జంషెడ్‌పూర్ 2-1తో గెలిచింది. 2019లో అతను ఒడిశాకు వెళ్లిపోయాడు, 2023లో ఆ జట్టు సూపర్ కప్ గెలిచినప్పుడు అందులో ఉన్నాడు. కోటీ 10 లక్షల పేరు గురించి ఇప్పటికీ వాదించుకునే అభిమానులు జెర్రీని పోగొట్టుకున్నది మాత్రం ఒక్క లైనులో దాటేస్తారు.

జంషెడ్‌పూర్ 2021-22లో లీగ్ షీల్డ్ గెలిచింది కదా అంటారు. గెలిచింది, 43 పాయింట్లతో. మేమూ గంతులేశాం. కానీ దానికి 2017 డ్రాఫ్ట్‌కు సంబంధం లేదు. అప్పటికి కోచ్ మారాడు, జట్టు మారింది.

ఇప్పుడు మిజోరం తోక దగ్గరికి వద్దాం. "ఎవరి దయా లేకుండా" అన్నారు కదా.

2011 లెక్కల్లో మిజోరం మొత్తం జనాభా 11 లక్షలకు లోపే. మన తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఎస్టీలమే 59 లక్షలం. ఐదు రెట్లకు పైన. మరి అక్కడ ఛాంగ్తే, జెర్రీ, జేజే, లాల్‌రువత్థారా వస్తున్నప్పుడు మన దగ్గర ఎందుకు రావట్లేదు? కొండ గాలి అంటారా? పాడేరులో లేదా, ఉట్నూరులో లేదా? కాళ్లలో బలం అంటారా? వారం వారం సంతకు కావడి మోసుకుంటూ గుట్టలెక్కి దిగే కాళ్లు మనవి.

తేడా వేరే చోట ఉంది. 2012లో మిజోరం వాళ్లు సొంత లీగ్ పెట్టుకున్నారు. వాళ్ల లోకల్ కేబుల్ చానెల్ ఆ మ్యాచ్‌లు చూపించింది. ఇంట్లో కూర్చున్న అమ్మ కూడా తన కొడుకు ఆట టీవీలో చూసింది. కృత్రిమ గడ్డి మైదానాలు వచ్చాయి. 2014లో సంతోష్ ట్రోఫీ ఫైనల్లో రైల్వేస్‌ను 3-0తో కొట్టారు. 2017లో ఐజాల్ ఎఫ్‌సీ, ముందు ఏడాది రెలిగేషన్‌లో పడిన జట్టు, మోహన్ బగాన్‌ను ఒక్క పాయింట్ తేడాతో దాటి ఐ-లీగ్ చాంపియన్ అయింది. ఇదంతా ఎవరి దయ కాదు, నిజమే. కానీ వట్టి టాలెంట్ కూడా కాదు. వాళ్ల రాష్ట్రం వాళ్ల చేతిలో ఉంది. 94 శాతం ఎస్టీలున్న రాష్ట్రంలో మైదానం ఎక్కడ వేయాలో తేల్చేది కూడా వాళ్లే. మన దగ్గర ఐటీడీఏ ఫైలు ఎవరి టేబుల్ మీద ఆగుతుందో మీకు తెలుసు.

ఆ ఐజాల్ జట్టు ఏమైందో కూడా చెప్పాలి. ఏప్రిల్ 30న చాంపియన్లు. మూడు నెలలు తిరగకముందే ఆ ముంబై హాల్లో వాళ్ల ఆటగాళ్ల పేర్లు పిలిచారు. గోల్‌కీపర్ అల్బినో గోమ్స్ ఢిల్లీకి, జయేశ్ రాణే కోల్‌కతాకు, లాల్‌రువత్థారా కేరళకు. లాల్‌రువత్థారా ఆ సీజన్ ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు కొట్టాడు. ఆటగాళ్లకు మంచి జీతాలు వచ్చాయి, సంతోషం. కానీ ఆ హాల్లో కుర్చీలు పది ఐఎస్‌ఎల్ జట్లవే. దేశ చాంపియన్ ఐజాల్‌కు అక్కడ కుర్చీ లేదు. సరుకు మనది, సంత వాళ్లది. మన అడవి నుంచి వెళ్లే ప్రతిదాని కథా ఇంతేగా.

జంషెడ్‌పూర్‌కు తిరిగి వస్తే మా అసలు ప్రశ్న ఇది. టాటా ఫుట్‌బాల్ అకాడమీ ఆ ఊళ్లో 1987 నుంచి ఉంది. దేశానికి ఎంతోమంది ఆటగాళ్లను ఇచ్చింది, కాదనం. పల్లెల్లో పిల్లలకు ట్రైనింగ్ సెంటర్లు నడుపుతున్నారు, అదీ కాదనం. ఆ ఊరి పక్క జిల్లా పశ్చిమ సింగ్‌భూమ్‌లో మూడింట రెండు వంతుల మంది ఆదివాసీలు. ముప్పై ఏళ్ల అకాడమీ ఉన్న చోట జట్టు పెట్టినప్పుడు, ఆ జట్టు ముఖంగా నిలబడే మొదటి రెండు పేర్లలో ఒక్కటైనా కొల్హాన్ పేరు ఎందుకు కాలేకపోయింది? ఆ రోజు డ్రాఫ్ట్ జాబితాలో ఆ స్థాయి పేరు లేదు అంటారా, అప్పుడు ప్రశ్న ఇంకా పెద్దదవుతుంది. ముప్పై ఏళ్లలో ఎందుకు తయారు కాలేదు?

ఆడపిల్లల సంగతి చూస్తే ఈ వాదన ఇంకా తేలిగ్గా కూలుతుంది. 2022లో మన దేశంలో జరిగిన అండర్-17 ప్రపంచ కప్‌లో భారత కెప్టెన్ అస్తమ్ ఒరావ్. జార్ఖండ్, గుమ్లా జిల్లా. కూతురు కెప్టెన్ అయ్యాక ఊరికి రోడ్డు వేస్తుంటే ఆ రోడ్డు పనికే అమ్మానాన్న కూలీకి వెళ్లారని పేపర్లలో వచ్చింది. మన నిజామాబాద్ జిల్లా గుగులోత్ సౌమ్య క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కు ఆడి వచ్చింది. ఇంటిపేరు చూస్తేనే మనకు తెలుస్తుంది ఎవరి పిల్లో. మన ఆశ్రమ పాఠశాలల్లో ఎంతమంది ఆడపిల్లలకు ఆ పేరు తెలుసు? ఎన్ని చోట్ల వాళ్ల చేతికి బంతి ఇచ్చారు?

"అయితే ఐఎస్‌ఎల్ జట్లలో ఎస్టీ కోటా కావాలా?" అని ఎదురు ప్రశ్న వస్తుంది, రానివ్వండి. మైదానంలో దిగే 11 మంది ఎవరో కోచ్ తేలుస్తాడు, ఆ కుర్చీలో మనం కూర్చోం. మేం అడుగుతున్నది దానికి పదేళ్ల ముందు సంగతి. ఆశ్రమ పాఠశాలకు చదునైన మైదానం, ఖాళీ లేకుండా పీఈటీ పోస్టు, పిల్లకు సరిపడా తిండి, ఏడాదికి ఒక్కసారైనా మన ఊళ్ల వైపు వచ్చి చూసే మనిషి. కాలేజీ సీటులో రిజర్వేషన్ కూడా ఇలాంటిదే. చివరి పరీక్షలో పేపర్ ఎవరూ మనకు రాసిపెట్టరు, డిగ్రీ పాస్ మార్కులు అందరికీ ఒకటే. లోపలికి రావడానికి తలుపు తీస్తారు, అంతే. జంషెడ్‌పూర్‌కు మొదటి పిక్ ఇచ్చినట్టు. ఇచ్చాక 18 మ్యాచ్‌లు వాళ్లే ఆడుకున్నారు, ఐదో స్థానం వాళ్లే తెచ్చుకున్నారు.

ఇకమీదట క్లాసులో ఎవడైనా "ఫుట్‌బాల్‌లో ఉందా?" అంటే గొంతు పెంచకండి. ఏడుగురు భారతీయుల రూల్ సంగతి అడగండి. దానికి జవాబు చెప్పాక మిగతాది మాట్లాడదాం అనండి. 2017 డ్రాఫ్ట్ మీద మా లెక్కతో తేడా ఉన్నవాళ్లు, ముఖ్యంగా సుబ్రతాను మొదటి పేరుగా తీసుకోవాల్సింది అనే బ్యాచ్ మనలో కొంతమంది ఉన్నారు, పేర్లతో సహా రండి. ఛాంగ్తే విషయంలో మాత్రం మేం తగ్గేది లేదు.