లోపల ఏం పోశారో పైన రాయండి!

అమ్మలారా, అక్కలారా, డ్వాక్రా సంఘాల సభ్యులారా, హాస్టల్ పిల్లల తల్లిదండ్రులారా!

మొన్న సెలవులకి ఇంటికొచ్చిన ఆడపిల్లల తలలు మీరంతా చూసే ఉంటారు. చెవుల వెనక దద్దుర్లు, మెడ మీద ఎర్రటి మచ్చలు, పాపిట పొడుగునా రేగిన పొట్టు. ఒకే గదిలో పడుకునే పిల్లలకి ఒకేసారి వచ్చింది. వార్డెన్ పేలు అన్నారు. ఆయమ్మ బోరు నీళ్ళంది. చర్మవ్యాధుల డాక్టరు మాత్రం ఒక్కటే అడిగాడు: "కొత్తగా తలకి ఏం వాడుతున్నారు?"

ఓ పిల్ల సంచిలోంచి ఆకుపచ్చ ప్యాకెట్ తీసిచ్చింది. ముందువైపు కలబంద మట్ట, మందార పువ్వు, పెద్దక్షరాల్లో 'ఆర్గానిక్', దాని కింద 'రోజూ వాడవచ్చు'. డాక్టరు తిప్పి చూశాడు. వెనక కంపెనీ చిరునామా, బ్యాచ్ నంబరు, ధర, గడువు తేదీ. ఏమేం కలిపారన్న ముక్క ఎక్కడా లేదు. "ఇందులో ఏముందో తెలీకుండా ఏది పడలేదో నేనెలా చెప్పనమ్మా?" అని ప్యాకెట్ తిరిగిచ్చేశాడు.

ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక్కదాన్ని తిట్టి ఊరుకుంటే పక్క కంపెనీకి పండగ. పైగా ఆ ప్యాకెట్ మీద జాబితా వేయకపోవడం చట్టం మీరడం కాదు. మా కోపమంతా అక్కడే.

మన దేశంలో షాంపూ, సబ్బు, క్రీము లాంటివాటికి 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనలున్నాయి. లోపల కలిపిన పదార్థాల పేర్లు పైన అచ్చువేయాలని అవి చెబుతాయి. చెప్పి, వెంటనే ఒక మినహాయింపు ఇస్తాయి. 60 మిల్లీలీటర్ల కన్నా తక్కువ ఉండే ద్రవాలకి ఆ జాబితా అక్కర్లేదట. కిరాణా కొట్లో తోరణంలా వేలాడే ప్యాకెట్లో ఉండేది పది మిల్లీలీటర్ల లోపు. అంటే సీసా కొనేవాళ్ళకి తెలుసుకునే హక్కుంది, ప్యాకెట్ కొనేవాళ్ళకి లేదు. సీసా ఎవరు కొంటారో, ప్యాకెట్ ఎవరు కొంటారో మీకు చెప్పాలా? రోజుకూలి ఇంట్లో, హాస్టల్లో, తండాలో, గూడెంలో తల రుద్దుకునేది ప్యాకెట్‌తోనే. ఎవరికి డాక్టరు దూరమో, ఎవరికి మందుల ఖర్చు భారమో వాళ్ళ దగ్గరే ఈ దాపరికం.

ప్యాకెట్ షాంపూ తమిళనాడులోని కడలూరు వైపు నుంచి లేచిన వ్యాపారం. 1983లో అక్కడే మొదలైన చిక్ షాంపూ, చిల్లర డబ్బులకి దొరుకుతూ పల్లెపల్లెకీ పాకింది. పేదలకి షాంపూ అందించారని మేనేజిమెంటు కాలేజీల్లో ఇప్పటికీ పాఠం చెబుతారు. షాంపూ అందింది, నిజమే. సమాచారం అందలేదు. అంతకుముందు మన పెరట్లో కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసి, వేడినీళ్ళలో నానేసి పిసికేవాళ్ళం. రసం కళ్ళల్లో పడి పిల్లలు గోల పెడితే నాలిక మీద ఉప్పుకల్లు పెట్టేవాళ్ళం. కళ్ళు మండేవి, కానీ దేనివల్ల మండాయో ఇంట్లో పసివాడికి కూడా తెలుసు.

ఇక 'ఆర్గానిక్' సంగతి. బియ్యం మీదో బెల్లం మీదో ఆ మాట రాయాలంటే 2017 నాటి ఆహార భద్రతా నిబంధనలున్నాయి, ధ్రువీకరణ కావాలి, జైవిక్ భారత్ గుర్తుంది. షాంపూ ఆహారం కాదు గనక ఆ నిబంధనలు దానికి వర్తించవు. తోటలో ఒక్క ఆకు సేంద్రియంగా పండితే చాలు, సీసా మొత్తానికి ఆ పేరు పెట్టేస్తున్నారు.

పెద్ద సీసా కొనేవాళ్ళు మాకేం ఫరవాలేదనుకోకండి. జాబితాలో ఒక శాతం కన్నా ఎక్కువున్నవే బరువు వరసలో రాయాలి. ఆ తర్వాతవి ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. సీసాకి చుక్క చొప్పున వేసిన మందారం పేరు అలా పైకెక్కుతుంది. ఆయుర్వేద లైసెన్సుతో వచ్చే షాంపూలది ఇంకో తీరు. ప్రతి 10 మిల్లీలీటర్లలో గుంటగలగర ఇన్ని మిల్లీగ్రాములు, ఉసిరి ఇన్ని, శీకాయ ఇన్ని అని వరసగా రాసి, చివర 'షాంపూ బేస్ క్యూ.ఎస్.' అని ముగించేవి చూడండి. క్యూ.ఎస్. అంటే కావలసినంత. మూలిక 20 మిల్లీగ్రాములుంటే అది 0.2 శాతం. ఆ కావలసినంతలోనే అసలు సరుకంతా ఉంది: నురుగు తెచ్చే సోడియం లారెత్ సల్ఫేటు, చిక్కదనం తెచ్చేవి, వాసన, నిల్వ మందు. నీళ్ళూ ఆకుపసరూ కలిపిన సీసా నెలలపాటు చెడకుండా ఉండాలంటే నిల్వ మందు తప్పదు, దాన్ని తప్పుపట్టడం లేదు. కానీ అలా వాడేవాటిలో మిథైల్ ఐసోథయాజొలినోన్ అనేది చాలామంది చర్మానికి పడదని వైద్యులకి బాగా తెలుసు. కడిగేసే షాంపూల్లో అది 0.0015 శాతం దాటకూడదని ఐరోపా దేశాలు హద్దు గీశాయి. ఇక్కడ ఆ పేరు చదువుకునే అవకాశమైనా ప్యాకెట్ పిల్లకి లేదు.

"చిన్న ప్యాకెట్ మీద చోటేదీ?" అంటారు. సినిమా తారకి చోటుంది. మందార పువ్వుకి చోటుంది. రెండు కొంటే ఒకటి ఉచితమన్న బొమ్మకి చోటుంది. జుట్టు రంగు ప్యాకెట్ దీనికన్నా పెద్దదేం కాదు. దాని మీద చర్మానికి పడకపోవచ్చు, ముందు పరీక్షించుకోండి అన్న హెచ్చరిక ఇంగ్లీషులోనూ స్థానిక భాషలోనూ వేసి తీరాలని ఎన్నో ఏళ్ళుగా నియమం ఉంది. వేస్తున్నారు కూడా. రంగుకి దొరికిన చోటు షాంపూకి దొరకదా? ధర పెరుగుతుందన్న బెదిరింపుకి జవాబివ్వడం కూడా దండగ. నాలుగు వరసల సిరాకి పెరిగే ధర ఏపాటిది?

కుంకుడుకాయకి తిరిగిపొండి అని మేం ఎవరికీ నీతులు చెప్పడం లేదు. తెల్లారకముందే పనికి పోయే మనిషికి కాయలు నానేసే తీరికెక్కడిది? మంచి ఆర్గానిక్ షాంపూ వస్తే మేమే ముందు కొంటాం. అది మంచిదో కాదో తేల్చుకునే దారి మాక్కావాలి.

మేం అడిగేది ఇదీ. 60 మిల్లీలీటర్ల మినహాయింపుని కేంద్రం రద్దు చేయాలి. పదార్థాల జాబితా తెలుగులో ఉండాలి. 'ఆర్గానిక్', 'హెర్బల్' అని ముందు రాసినవాళ్ళు అందులో మూలిక ఎంత శాతమో ఆ మాట పక్కనే, అంతే పెద్దక్షరాల్లో రాయాలి. తెలంగాణ ప్రభుత్వం 2024లో హాస్టల్ కాస్మెటిక్ చార్జీలు 200 శాతం పెంచింది, సంతోషం. తెలంగాణలోనైనా ఆంధ్రప్రదేశ్‌లోనైనా హాస్టళ్ళు జాబితా లేని ప్యాకెట్ ఒక్కటి కూడా కొనకూడదు. మన్యంలో గిరిజనులు ఏరిన కుంకుడూ శీకాయా కొనడానికి 1956 నుంచి గిరిజన సహకార సంస్థ ఉంది. పొడి కావాలన్న పిల్లలకి అక్కడినుంచి తెప్పించండి.

అవి జరిగేదాకా, కొత్త షాంపూ ఏదైనా సరే, ఎన్ని ఆకుల బొమ్మలున్నా సరే, నేరుగా తలకి పట్టించకండి. ఒక చుక్కని నీళ్ళలో కలిపి మోచేతి మడతలో రాసి, కాసేపాగి కడిగి, రెండు రోజులు చూడండి. దురదో ఎరుపో వస్తే అది మీకొద్దు. ఒకే రోజు హాస్టలంతా కొత్త సరుకుకి మారనివ్వకండి. కుంకుడుతో సహా ఏదైనా కొందరికి పడకపోవచ్చు.

దద్దుర్లు వస్తే ఖాళీ ప్యాకెట్ పారేయకండి. బ్యాచ్ నంబరు కనిపించేలా ఫోటో తీసి, జిల్లా డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి. సౌందర్య సాధనాల మీద తనిఖీ ఆ శాఖదే, మాది కాదని తప్పించుకోనివ్వకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడవచ్చు. వచ్చే సంఘం మీటింగులో 60 మిల్లీలీటర్ల మినహాయింపు రద్దు చేయాలని తీర్మానం రాసి, సంతకాలు పెట్టి, మీ ఎంపీకి పంపండి.