రహీం మాస్టారు

1962 సెప్టెంబరు 4న జకార్తాలో మన ఫుట్‌బాల్ జట్టు దక్షిణ కొరియాను 2-1 తేడాతో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. ఆ జట్టు శిక్షకుడు హైదరాబాదు వాసి సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో 'మైదాన్' అనే హిందీ చిత్రం వచ్చిన పిదప ఆయన పేరు మరల వినబడుతున్నది. ఆయన మాటలో ఏదో మంత్రముండేదని అందరూ అంటున్నారు. అది మంత్రం కాదు, బోధన అని నా అభిప్రాయం.

రహీం స్వయంగా ఆటగాడు, వృత్తిరీత్యా బడిపంతులు. వ్యాయామ విద్య అభ్యసించి, 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టును చేపట్టాడు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు మార్లు రోవర్స్ కప్పు గెలిచింది.

ఆయన పద్ధతి చూడండి. కుడికాలి వాటం గలవారికి ఎడమకాలితోనే ఆడవలసిన పోటీలు పెట్టేవాడు. బంతిని ఒక్కమారే తాకి వదలవలసిన పోటీలు పెట్టేవాడు. ఒత్తులు పలకలేని పిల్లవానిచేత ఒత్తులున్న మాటలనే వల్లె వేయించడం వంటిదే ఇది. 1952 హెల్సింకి ఒలింపిక్సులో మనవారు పలువురు వట్టికాళ్ళతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడారు. నాలుగేండ్లకు మెల్‌బోర్నులో ఆయన శిష్యులే ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి నాల్గవ స్థానంలో నిలిచారు. జకార్తాలో తలకు కుట్లు పడిన రక్షణ ఆటగాడు జర్నైల్ సింగును ముందువరుసలో నిలిపితే, తుదిపోరులో అతడొక గోలు చేశాడు. ఎవనిలో ఏమున్నదో ఎరిగినవాడే గురువు.

ఊపిరితిత్తుల క్యాన్సరుతో రహీం 1963 జూన్‌లో కన్నుమూశాడు. 1970లో హైదరాబాదు వాడే అయిన నయీముద్దీన్ నాయకత్వంలో కంచు పతకం దక్కింది. శిక్షకుడిగా మారిన నయీముద్దీన్‌కు 1990లో ద్రోణాచార్య పురస్కారమూ లభించింది. కాని ఆసియా స్వర్ణం మరల రాలేదు. మనం మనిషిని పొగిడి, ఆయన పద్ధతిని వదిలివేశాము.

మా ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలలో పదవ తరగతికి ఆటల గంట తరచు పట్టికలోనే ఉంటుంది. ఆ గంటలో లెక్కలో, సైన్సో నడుస్తుంది. వాననే నమ్ముకున్న మెట్ట రైతుకు బిడ్డ మార్కులే ఆశ. ఆ భయం నాకు తెలియనిది కాదు. అయినా రోజుకొక గంట ఆడినంత మాత్రాన ఏ పిల్లవాడూ తప్పడు. ఈ కొండల నడుమ పరుగెత్తే పిల్లలలోనూ ఒక ఆటగాడు, రేపటి ఒక శిక్షకుడు ఉండవచ్చును. ఆ సంగతి తెలుసుకొనడానికైనా వారి గంట వారికి ఇవ్వాలి కదా!